పనస తొనల మీద నెపం: విరేచనాలపై అపోహలు - వాస్తవాలు

విజయనగరం పక్క పీహెచ్‌సీలో ఓపీ చూస్తుంటాను. విరేచనాలతో వచ్చేవాళ్లు కారణం కూడా తేల్చుకునే వస్తారు.

అపోహ: "గుంటడు రాత్రి పనస తొనలు తిన్నాడు బాబూ, వేడి సేసింది."

వాస్తవం: చివరగా తిన్నదాని మీదకే అనుమానం పోతుంది. కానీ క్రిమి లోపలికెళ్లిన వెంటనే లక్షణాలు రావు. రోటావైరస్‌కి సుమారు 2 రోజులు, కలరాకి కొన్ని గంటల నుంచి 5 రోజులు పడుతుంది. ఇవాళ్టి విరేచనాలకు మొన్న తాగిన నీళ్లు కారణం కావచ్చు. ఒకే పంక్తిలో తిన్నవాళ్లందరికీ కొద్ది గంటల్లోనే వాంతులు మొదలైతే మాత్రం భోజనాన్నే అనుమానించాలి. పొద్దుటి నుంచీ బయట ఉన్న కూరలో కొన్ని బాక్టీరియాలు విషం వదులుతాయి, మళ్లీ మరిగించినా అది పోదు. అందుకే నా మొదటి ప్రశ్న "నీళ్లెక్కడివి? వీధిలో ఇంకెవరికైనా ఉన్నాయా?" అని.

అపోహ: కుళాయి నీళ్లే, తేటగానే ఉన్నాయి.

వాస్తవం: 2024 అక్టోబరులో గుర్లలో అతిసారం ఎలా పాకిందో మన జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. క్రిములు కంటికి కనబడవు. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ఒత్తిడి ఉంటుంది, కట్టేయగానే పడిపోతుంది. మురుగుకాలవలోంచి పోయే పైపుకి చిన్న చిల్లున్నా అప్పుడు మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. వానలు మొదలయ్యాక ఈ బెడద ఎక్కువ. నీళ్లు కాచి తాగండి. కాచిన బిందెలో చెయ్యి ముంచి గ్లాసుతో తీస్తే కట్టెలు దండగ!

అపోహ: పసివాడికి పళ్లొస్తున్నాయి, అందుకే.

వాస్తవం: పళ్లకీ దీనికీ సంబంధం లేదు. పాకే పిల్లలు దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు. పసిపిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు పెద్ద కారణం రోటావైరస్. దానికి నోట్లో వేసే టీకా మన రాష్ట్రంలో 2016 నుంచి ఉచితం. 6, 10, 14 వారాలకు వేయించాలి.

అపోహ: యాంటీబయోటిక్ పడితే ఆగిపోతాయి.

వాస్తవం: వైరస్ మీద అది పనిచేయదు. కొందరికి ఆ మందు వల్లే విరేచనాలు పట్టుకుంటాయి. రక్తం పడినా, కలరా అనుమానమున్నా సంగతి వేరు, అది డాక్టరు తేల్చాలి.

అపోహ: కూల్‌డ్రింకు పడితే ఓపికొస్తుంది.

వాస్తవం: అందులోని చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. పెద్ద ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తాన్ని లీటరు మంచినీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. తల్లిపాలు, గంజి, మెత్తటి అన్నం ఆపొద్దు. పిల్లాడి కళ్లు లోతుకుపోయినా, మగతగా పడున్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.