థైరాయిడ్ వాటా ఎంత, మన వాటా ఎంత

పిల్లలూ,

నిన్న ఫోన్లో చిన్నది ఏడ్చింది. థైరాయిడ్ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 14 వచ్చిందట, నాలుగు నెలల్లో ఏడు కిలోలు పెరిగిందట, "ఇంక నేను జన్మలో తగ్గను కదా అమ్మమ్మా" అని. వెనకనుంచి దాని అన్నగారు "డ్రమ్ము" అని నవ్వడం కూడా నాకు వినబడింది. ఒరేయ్, నీ సంగతి తర్వాత చూస్తాను. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తారు, అందుకని కూర్చుని రాస్తున్నాను. నాకు థైరాయిడ్ వచ్చి ఇరవై ఆరేళ్లు. నేను డాక్టర్ని కాదు, డోసు ఎంతో చెప్పేది మీ డాక్టరుగారే. కానీ ఈ విషయంలో చేయకూడని తప్పులన్నీ చేసి కూర్చున్నదాన్ని, ఆ అర్హత నాకుంది.

ముందు ఆ 14 అంటే ఏమిటో చూడు తల్లీ. మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుంది, ఒళ్లంతా ఏ వేగంతో పనిచేయాలో అది చెప్తుంది. అది బద్ధకిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి "పని చెయ్, పని చెయ్" అని కేకలేస్తుంది. ఆ కేకే టీఎస్‌హెచ్. మామూలుగా 4 దగ్గర ఆగాల్సిన కేక నీకు 14 దాకా వెళ్లింది. అంకె పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువైందనుకుంటారు చాలామంది, మన ఎదురింటి ఆవిడ ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. తిరగేసి చదువుకోవాలి, అంతే. నీకు చలి ఎక్కువగా అనిపించడం, జుట్టు రాలడం, పొద్దున్నే మొహం ఉబ్బడం, మోషన్ సరిగ్గా రాకపోవడం, అన్నీ దాని పనే.

1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే డాక్టరు ఇలాంటి జబ్బుతో మంచానపడబోతున్న 46 ఏళ్ల ఆవిడకి గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసం ఇంజెక్షన్ చేశాడు. ఆవిడ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. నీకు గొర్రెతో పని లేదు, రోజూ ఆవగింజంత థైరాయిడ్ హార్మోన్ మాత్ర, అంతే.

ఇక బరువు. అసలు ఉత్తరం దీని గురించే. థైరాయిడ్ గ్రంథి పని తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీళ్లూ. మాత్ర కుదురుకుంటే ఆ భాగం చాలావరకు దిగిపోతుంది. మిగతాది? పరీక్షలని నాలుగు నెలలు కుర్చీలోంచి లేవకపోవడం, రాత్రి పదకొండింటికి మ్యాగీ, నీరసంగా ఉందని ఆటలు మానేయడం. తిట్టడం లేదమ్మా, లెక్క చెప్తున్నాను. అంతా నీ తప్పే అనేవాళ్లూ, అంతా థైరాయిడే అనేవాళ్లూ ఇద్దరూ నీకు మేలు చేయరు. మొదటివాళ్లు ఏడిపిస్తారు, రెండోవాళ్లు కదలనివ్వరు. నేను పదేళ్లు రెండో రకం మాటలు విని హాయిగా పన్నెండు కిలోలు పెరిగాను.

ఆ పదేళ్లలో నేను చేసిన ఇంకో ఘనకార్యం ఉంది. పొద్దున్నే మాత్ర నోట్లో వేసుకుని, ఆ వెంటనే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. మంచినీళ్లు కూడా కాదు, కాఫీతోనే మింగేదాన్ని! డాక్టరు 50 మైక్రోగ్రాముల మాత్ర రాశారు, తర్వాత 75, తర్వాత 100, ఎంత పెంచినా టీఎస్‌హెచ్ దిగదు. ఒకరోజు రక్తం తీసే పిల్ల, నీకంటే నాలుగేళ్లు పెద్దదేమో, దూది అదిమిపెడుతూ "మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి కాఫీ తాగుతారాంటీ?" అంది. అదేం ప్రశ్న అనుకున్నాను. కాఫీ ఈ మందుని ఒంటికి పట్టనివ్వదట. అప్పటినుంచి మాత్ర అయ్యాక గంట ఆగి తాగుతున్నాను, ఆ గంట మీ తాతయ్య నా జోలికి రారు. రెండు నెలలకి డోసు తగ్గించాల్సి వచ్చింది. కాల్షియం, ఐరన్ మాత్రలు అయితే నాలుగు గంటల ఎడం ఉండాలి. నీకు ఏడుంపావుకి బస్సు కాబట్టి ఆరింటికి లేవగానే నీళ్లతో వేసేసుకో, డబ్బా అలారం పక్కన పెట్టుకో. ఎప్పుడైనా ఒకరోజు మర్చిపోతే కొంపేం మునగదు, ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. మార్పు కూడా అంతే నిదానం కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తారు, నువ్వు పదోరోజుకే అద్దం ముందు నిలబడకు. సన్నబడాలని రెండేసి మాత్రలు మింగేవాళ్లున్నారు. గుండె దడ, పోనుపోను ఎముకలు గుల్ల. ఆ పని చేశావో, బస్సెక్కి వచ్చి మరీ కొడతాను.

తిండి దగ్గర నీకు ప్రత్యేకంగా వండక్కర్లేదు. మనింటి వంటే, వాటాలు మారాలి. మన పళ్లెం ఎలా ఉంటుందో గుర్తుచేసుకో: మధ్యలో అన్నం గుట్ట, అంచున చెంచాడు కూర, పప్పు కలుపుకోవడానికి సరిపడా, ఆ పైన ఆవకాయతో ఇంకో వాయి, పెరుగన్నం కోసం మళ్లీ వడ్డన. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2024లో ఇచ్చిన సూచనల్లో ధాన్యం వాటా రోజు మొత్తం క్యాలరీల్లో 45 శాతం దాటొద్దన్నారు. నేను అంకెలతో కాదు, గరిటెతో చేశాను. ముందు కూర వడ్డించుకుంటాను, పళ్లెంలో సగం. బీరకాయో, దొండకాయో, తోటకూరో. తర్వాత గట్టి పప్పు ఒక పెద్ద గరిటె, లేకపోతే గుడ్డు. మిగిలిన చోటే అన్నానిది. కప్పు అన్నం దాదాపు 200 క్యాలరీలు, దాన్ని శత్రువులా చూడక్కర్లేదు, మూడో కప్పు పెట్టుకోకుండా ఆగితే చాలు. పొద్దున్న నాలుగిడ్లీల బదులు పెసరట్టు తిని చూడు, పదకొండింటికి ఆకలేయదు. నూనె మాత్రం మీ అమ్మతో మాట్లాడాలి. పెద్ద చెంచాడు నూనె 120 క్యాలరీలు, ఆవిడ వేపుడికి సీసా వంచే తీరు నాకు తెలుసు, నేర్పింది నేనే కదా.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ముట్టుకోవద్దని ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. ఉడికించి మామూలుగా తింటే ఏం కాదు. అయొడైజ్డ్ ఉప్పు వాడే మనలాంటి ఇళ్లలో ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున ఆ గ్రంథి మీద పడటం వల్ల. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు దీని గురించి మొదట రాశాడు, ఆయన పేరే పెట్టారు. అందులో క్యాబేజీ చేసిన నేరం లేదు. కొర్రలు తింటే థైరాయిడ్ మాయమవుతుందనే వీడియోలు కూడా పంపకండి నాకు. కొర్రలు మంచివే, పీచు ఉంటుంది, కానీ కొర్రన్నం కూడా గుట్టగా పెట్టుకుంటే గుట్టే. కొన్ని వారాలు అన్నం పూర్తిగా మానేసి నూనెలూ మాంసం మీదే బతికే డైట్ మన వీధిలో ఇద్దరు చేశారు, తగ్గారు, సంక్రాంతికి అరిసెలతో పాటు బరువూ తిరిగొచ్చింది.

బరువు వారానికి ఒక్కసారే చూసుకో, ఒకే రోజు, పొద్దున్నే. మొన్న నేను పెళ్లిలో మజ్జిగ మిరపకాయలూ గోంగూరా లాగించి మర్నాడు చూసుకుంటే కిలో ఎక్కువ. రాత్రికి రాత్రి కిలో కొవ్వు పట్టదు కదా, ఉప్పు పట్టిన నీళ్లు. రెండ్రోజులకి దిగిపోయింది.

ఒరేయ్, ఇప్పుడు నీ సంగతి. చెల్లెలికి జిమ్మూ గిమ్మూ వద్దు ప్రస్తుతానికి, అది ఇంకా నీరసంగానే ఉంటుంది. సాయంత్రం అరగంట నువ్వు దానితో కలిసి నడువు, షటిల్ ఆడితే ఇంకా మంచిది. డ్రమ్ము అన్న నోటితో మళ్లీ ఏదైనా అన్నావంటే ఈ వేసవికి నీ మామిడికాయలు పక్కింటికి పోతాయి.

చిన్నీ, వచ్చే పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకో. జుట్టుకి బయోటిన్ మాత్రలు వాడుతున్నావని మీ అమ్మ చెప్పింది, అవి పరీక్షలో అంకెల్ని తారుమారు చేస్తాయి, రెండ్రోజుల ముందే ఆపి డాక్టరుగారికి ఆ మాట చెప్పు. రిపోర్టు ఫోటో తీసి పంపు, ఈసారి నిలువుగా తియ్యి, అడ్డంగా వస్తే నా మెడ పట్టేస్తోంది. కంది పొడి పంపుతున్నాను. నెయ్యి ఒక చెంచా వేసుకోవచ్చు.

మీ అమ్మమ్మ
తెనాలి