పార్కింగ్ కింద పాతిన కేబుల్: గొడవకు మూలం 2019లో ఉంది

అపార్ట్‌మెంట్ సమావేశాల్లో నీటి ట్యాంకర్ల లెక్కలతో పోటీపడుతున్న ప్రశ్న ఒకటుంది: విద్యుత్ బండికి ఛార్జింగ్ పెట్టుకోవడానికి మీటర్ బోర్డు నుంచి నా పార్కింగ్ దాకా భూమిలో కేబుల్ వేసుకోవచ్చా, లేదా? 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన తర్వాత, తీగలన్నిటినీ భూగర్భంలోకి మార్చాలన్న డిమాండ్ గట్టిపడింది. భూమిలో వేస్తే చాలు, ఇక భయం లేదన్న నమ్మకం కూడా దాని వెంటే అపార్ట్‌మెంట్ గేటు దాటి లోపలికి వచ్చినట్టుంది.

విద్యుత్ వాహనాలకు రాయితీలు ఎలా వచ్చాయో ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మకం కాదు, సేవ మాత్రమేనని 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చడమే పెద్ద మలుపని చాలామంది అంటారు. అది ఛార్జింగ్ వ్యాపారం చేసేవారికి మలుపు. ఇంటి కింద కారు పెట్టుకునేవారి కథ మాత్రం 2019 జూన్‌లో మారింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తన భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్ కోసం విడిగా ఒక అధ్యాయం చేర్చింది. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకూడదు. ప్రతి ఛార్జింగ్ పాయింటుకూ విడి సర్క్యూట్ ఉండాలి. బండి ఆగిన చోటికి పాయింటు 5 మీటర్లలోపే ఉండాలి. సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. 30 మిల్లీఆంపియర్లకు మించని లీకేజీకే సరఫరా తెంచే పరికరం (ఆర్‌సీసీబీ లాంటిది) ఉండాలి.

బాల్కనీలోంచి వైరు వేలాడదీసి స్కూటర్‌కు ఛార్జింగ్ పెట్టుకునే దారి దీంతో మూసుకుపోయింది. పార్కింగ్ స్టిల్ట్‌లోనే, అంటే భవనం కింద స్తంభాల మధ్యే ఉంటే పైకప్పుకు పైపు బిగించుకుని పని కానిచ్చుకోవచ్చు. ప్రహరీ పక్కన, ఆరుబయట స్థలం వచ్చినవారికి నేల తవ్వడం తప్ప మార్గం లేదు.

నేల పైన ఉండే ప్రతి చిన్న భాగానికీ లెక్క చెప్పిన ఆ అధ్యాయం అమల్లోకి వచ్చాక కూడా, మట్టిలో ఉండే భాగానికి దిక్కు కేబుళ్లు వేసే పద్ధతి చెప్పే 1983 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 మాత్రమే. తక్కువ వోల్టేజీ కేబుల్‌ను 75 సెంటీమీటర్ల లోతున వేయాలి, చుట్టూ ఇసుక పోయాలి, పైన ఇటుకలో పలకలో పేర్చాలి, నీటి పైపుకు 30 సెంటీమీటర్ల దూరం పాటించాలి. మంచి నియమాలే. కానీ ఆ ప్రమాణం 33 కిలోవోల్టుల దాకా పెద్ద లైన్లు వేసే ఇంజినీర్ల చేతి పుస్తకం. ఫ్లాట్ యజమాని పిలిచిన ఎలక్ట్రీషియన్ దాన్ని తెరిచి చూసే అవకాశం ఎంత?

అతను చేసే పని ఇలా ఉంటుంది. పేవర్ టైల్స్ లేపుతాడు, జానెడు లోతు తవ్వుతాడు, ఇంటి వైరింగ్‌కు వాడే వైరునే పీవీసీ పైపులో దూరుస్తాడు. చాలకపోతే మధ్యలో మెలిపెట్టి టేపు చుడతాడు. సాయంత్రానికి టైల్స్ యథాస్థానంలో ఉంటాయి. తొలి వానకు పైపులో నీళ్లు నిలుస్తాయి. గీజరు పావుగంట నడిచి ఆగుతుంది, 7.4 కిలోవాట్ల ఛార్జరు 32 ఆంపియర్లను గంటల తరబడి లాగుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 60 మీటర్లు లాగితే దారిలోనే దాదాపు 14 వోల్టులు పోతాయి. అదంతా వేడిగా మట్టిలోకి దిగాల్సిందే.

యజమానుల వాదన సూటిగా ఉంది: ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే ఛార్జింగ్ చేసుకోవచ్చని 2022 జనవరి మార్గదర్శకాలు చెప్పాయి, అడ్డుకోవడానికి మీరెవరు? లీకేజీ వస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది కదా?

అసోసియేషన్లు చెప్పేది కాస్త ఓపికగా వినాలి. పడిపోవడమే చిక్కంటారు వాళ్లు. తడిసిన జాయింటు వల్ల అది రోజూ పడిపోతుంటే, విసిగిపోయి దాన్ని తీయించి, లీకేజీని పట్టించుకోని మామూలు ఎంసీబీ స్విచ్ పెట్టించుకునేవారున్నారు. పైగా ఇవాళ ఒకరు తవ్వితే రేపు పదిమంది అదే దారిని అడ్డంగా తవ్వుతారు. ఏ వైరు ఎక్కడుందో చెప్పే పటం ఎవరి దగ్గరా ఉండదు. తవ్వే ముందు సమాచారం అడిగేందుకు కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ ప్రధానంగా ప్రజా వినియోగ సంస్థల లైన్ల కోసం. ప్రహరీ లోపల ఫలానా ఫ్లాట్ వాళ్లు వేసుకున్న వైరు అందులో ఉండదు. రేపు సంపు పైపు పగిలితే గునపం పట్టేది వాచ్‌మనో, రోజుకూలీకి వచ్చిన ప్లంబరో.

అందుకే కొన్ని సంఘాలు మధ్యేమార్గం పెడుతున్నాయి. అందరికీ కలిపి ఒకే కాలువ, అందులో ఆర్మర్డ్ కేబుల్ (లోహపు తొడుగున్నది), పూడ్చే ముందు ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్‌తో పరీక్ష, మీటర్ గదిలో గోడకు అతికించిన పటం. దీనికి యజమానులు కూడా పెద్దగా అడ్డు చెప్పడం లేదు. ఖర్చు దగ్గరే మాట తెగడం లేదు. పెట్రోలు బండి ఉన్న పై అంతస్తు వాళ్లు, ఆ కాలువకు తామెందుకు డబ్బు కట్టాలని అడుగుతున్నారు.