టెయిల్‌విండ్ డాక్స్ గొడవ: 2008 వేసవిలో నమ్‌పై తేల్చుకున్న లెక్క

2026 జనవరి మొదటి వారంలో వెబ్ పేజీల ముస్తాబుకి వాడే ఉచిత కోడ్ లైబ్రరీ టెయిల్‌విండ్ సీఎస్‌ఎస్ డాక్యుమెంటేషన్ (ఎలా వాడాలో చెప్పే పేజీలు, పొట్టిగా డాక్స్) రిపోలో, అంటే ఆ ఫైళ్ళు ఉండే చోట, ఒక చిన్న పుల్ రిక్వెస్ట్ (మార్పు ప్రతిపాదన) మీద పెద్ద రచ్చ జరిగింది. డాక్స్ మొత్తాన్ని ఏఐ మోడళ్ళు తేలిగ్గా చదువుకునేలా టెక్స్ట్ రూపంలో పెట్టమన్నది ఆ ప్రతిపాదన. టెయిల్‌విండ్ సృష్టికర్త ఆడమ్ వేథన్ కుదరదన్నారు. ఎందుకో కూడా దాచకుండా చెప్పారు. ముందు రోజే ఇంజినీరింగ్ టీంలోని నలుగురిలో ముగ్గురిని తీసేయాల్సి వచ్చింది. టెయిల్‌విండ్ వాడకం మునుపెన్నడూ లేనంతగా పెరిగినా, డాక్స్ సైట్‌కి వచ్చేవాళ్ళు 2023 మొదట్లో ఉన్నదానికంటే దాదాపు 40 శాతం తగ్గారు. ఆదాయం 80 శాతం దాకా పడిపోయింది. తమ దగ్గర డబ్బిచ్చి కొనే ప్రాడక్టులు ఉన్నాయని జనానికి తెలిసేదే డాక్స్ పేజీల ద్వారా. ఆ పేజీలకు ఎవరూ రాకపోతే లైబ్రరీని నడిపేదెలా అన్నది ఆయన ప్రశ్న.

అవతలి వాదన కూడా తీసిపారేసేది కాదు. కోడ్ రాసేవాళ్ళు ఇప్పుడు ఏఐ ఎడిటర్లలోనే పని చేస్తున్నారు, సరైన డాక్స్ అందకపోతే ఏఐ పాత వెర్షన్ పద్ధతులే చెబుతుంది, నష్టపోయేది వాడుకరులే అన్నారు. నిజమే.

అయితే ఈ గొడవలో ఎక్కువమంది ఏఐ దగ్గరే ఆగిపోయారు. డాక్స్‌కి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, ఆ డబ్బు ఏ దారిన రావాలి అన్న తగువు ఏఐ రాకముందు నుంచీ ఉంది. దీన్ని దాదాపు ఇదే రూపంలో ఎదుర్కొని, ఒక వేసవిలో దారి మార్చుకున్న ప్రాజెక్ట్ నమ్‌పై. పైథాన్ భాషలో అంకెల పట్టికల మీద లెక్కలు చేయడానికి వాడే లైబ్రరీ ఇది, ఆ పని చేసే ప్రతివాళ్ళకూ తెలిసిందే. న్యూమెరిక్, నమ్‌అరే అనే రెండు పాత లైబ్రరీలుగా చీలిన లోకాన్ని ట్రావిస్ ఆలిఫెంట్ ఒక్కటి చేసిన కథ కూడా చాలామందికి తెలిసిందే. అంతగా చెప్పుకోనిది దాని మాన్యువల్ కథ.

ఆలిఫెంట్ అప్పట్లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అసిస్టెంట్ ప్రొఫెసర్. 2005లో నమ్‌పై పని మొదలుపెట్టారు. 2006 అక్టోబర్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. కోడ్ పూర్తిగా ఉచితం, ఓపెన్ లైసెన్స్. దాన్ని వివరించే మాన్యువల్ మాత్రం 'గైడ్ టు నమ్‌పై' అనే పుస్తకంగా అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్ళు దాన్ని ఇతరులతో పంచుకోవడానికి వీల్లేదన్నారు. ఆ షరతుకు ఒక గడువు కూడా పెట్టారు: అమ్మకాలు అనుకున్న మొత్తానికి చేరితే అప్పుడే, లేదంటే ఎంత ఆలస్యమైనా 2010 అక్టోబర్ 31 నాటికి పుస్తకం అందరిదీ అయిపోతుంది.

దీన్ని అప్పట్లో కొందరు తప్పుపట్టారు. ఓపెన్ సోర్స్ అని చెప్పి మాన్యువల్ అమ్ముకోవడమేంటన్నారు. అంతకుముందు న్యూమెరిక్ మాన్యువల్ లారెన్స్ లివర్‌మోర్ నేషనల్ లాబొరేటరీ ప్రచురణగా ఉచితంగానే దొరికేది కాబట్టి, చేతిలో ఉన్నది లాక్కున్నట్టు అనిపించి ఉండొచ్చు. కానీ ఆలిఫెంట్ వైపు నుంచి చూడండి. నేషనల్ లాబ్ వెనక ఉన్న డబ్బు ఆయన వెనక లేదు. యూనివర్సిటీలో ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే లెక్కలోకి వచ్చేవి రీసెర్చ్ పేపర్లు. వందలాది ఫంక్షన్లు (ఒక్కో పని చేసిపెట్టే కోడ్ ముక్కలు) ఎలా పనిచేస్తాయో కూర్చుని రాస్తే ఏ కమిటీ మార్కులు వేయదు. ఆ సమయానికి ప్రతిఫలం పుస్తకం నుంచి రావాల్సిందే, ఇంకో దారి కనబడలేదు. పైగా ఆయన శాశ్వతంగా తాళం వేయలేదు, తాళం తీసే తేదీ ముందే ప్రకటించారు. ఓపెన్ సోర్స్‌లో డబ్బు గురించి ఇంత నిజాయితీగా మాట్లాడినవాళ్ళు తక్కువ. 2007లో ఆయన యూనివర్సిటీ వదిలి ఆస్టిన్‌లోని ఎన్‌థాట్ కంపెనీలో చేరారు.

సమస్య ఆయన ఉద్దేశంలో లేదు, ఏర్పాటులో ఉంది. లైబ్రరీ ఎంత పాకితే మాన్యువల్ అవసరం అంత పెరుగుతుంది. మాన్యువల్ మీద ఆదాయం ఆధారపడినప్పుడు, దాన్ని అందరికీ అందేలా చేసే ప్రతి మంచి పనీ ఆ ఆదాయానికి గండి కొడుతుంది. టెయిల్‌విండ్ డాక్స్ చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, కాబట్టి రెండూ ఒకటే అనలేం. కానీ అక్కడా చిక్కు ఇదే. డాక్స్ షాపు ముందరి అద్దాల బీరువాలా పనిచేయాలి, జనం ఆ దారిన నడిచి వెళ్ళాలి. పైగా టెయిల్‌విండ్ అమ్మే రెడీమేడ్ డిజైన్ల ప్యాకేజీకి నెలనెలా కట్టే చందా లేదు, ఒకసారి కొంటే అయిపోతుంది. అంటే ఎప్పటికప్పుడు కొత్త కొనుగోలుదారులు వస్తేనే ఇల్లు గడుస్తుంది. దారి మారిందంటే ఏ చిన్న టెక్స్ట్ ఫైల్ అయినా ప్రమాదంగానే కనబడుతుంది. 2020లో ఆ ప్యాకేజీ మొదలైనప్పుడు నెలల్లోనే లక్షల డాలర్లు వచ్చాయి, అందువల్ల ఈ బలహీనత ఎవరికీ కనబడలేదు.

మళ్ళీ నమ్‌పైకి వస్తే, మలుపు ఫ్లోరిడా నుంచి వచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడాలో గ్రహాల మీద పరిశోధన చేసే జో హారింగ్టన్, 2007లో తన డేటా అనాలిసిస్ కోర్సుని పైథాన్‌లో చెప్పారు. విద్యార్థులు అడుగడుగునా ఇరుక్కున్నారు. ఏదైనా ఫంక్షన్ గురించి హెల్ప్ అడిగితే చాలా చోట్ల ఒకటి రెండు ముక్కల్లో ముగించేది. తెలిసినవాళ్ళకు అది గుర్తుచేస్తుంది, తెలియనివాళ్ళకు ఏమీ చెప్పదు. వచ్చే ఏడాది క్లాసులు మొదలయ్యేలోపు నమ్‌పై రిఫరెన్స్ పేజీలు సిద్ధం కావాలని ఆయన పట్టుబట్టారు.

ఇక్కడ ఆయన చేసిన పనే నాకు ఈ మొత్తం కథకు తాళంచెవిలా కనబడుతుంది. వాలంటీర్లను పిలిచి ఊరుకోలేదు. యూనివర్సిటీ నిధులతో స్టెఫాన్ వాన్ డర్ వాల్ట్‌ను 2008 వేసవికి డాక్యుమెంటేషన్ కోఆర్డినేటర్‌గా జీతమిచ్చి పెట్టుకున్నారు. డాక్స్ చదివేవాళ్ళ మీదా డబ్బు రాబట్టలేదు, డాక్స్ పక్కన ఇంకేదో అమ్మి దాంట్లోంచీ తీయలేదు. రాయించే పనికే నేరుగా జీతం ఇచ్చారు.

జీతం తీసుకున్నది ఒక్కరే, రాసింది చాలామంది. పౌలి విర్తనెన్, ఇమాన్యుయెల్ గుయార్ కలిసి ఒక వికీ తయారుచేశారు. అందులో కోడ్ ముట్టుకోనక్కర్లేకుండా బ్రౌజర్‌లోనే ఒక్కో ఫంక్షన్ వివరణ తీసి రాయొచ్చు. రాసినదాన్ని ఇంకొకరు చూసి బాగుందనో, ఇంకా పని ఉందనో గుర్తు పెడతారు. అంతా అయ్యాక అది తిరిగి సోర్స్ కోడ్‌లోకి చేరుతుంది. వెయ్యి పదాలు రాసినవాళ్ళకు ఒక టీషర్ట్ ఇచ్చారు. కోడ్ పంపే ధైర్యం లేని విద్యార్థులకు కూడా ప్రాజెక్ట్‌లో చోటు దొరికింది.

ఎలా రాయాలన్నదానికి ఒక అచ్చు కూడా కుదిరింది. ముందు ఒక్క వాక్యంలో సారాంశం, తర్వాత పారామీటర్లు, ఏం తిరిగొస్తుంది, దీనికి దగ్గరి ఫంక్షన్లు ఏవి, గమనికలు, చివర ఉదాహరణలు. ఇప్పటికీ సగటు తీసే 'మీన్' ఫంక్షన్ పేజీ తెరిచి చూడండి. మొదటి వరుసలో 1, 2, రెండో వరుసలో 3, 4 ఉన్న చిన్న పట్టిక తీసుకుంటారు. మొత్తం సగటు 2.5. ఆక్సిస్ (ఏ దిశలో లెక్కించాలో చెప్పేది) 0 అంటే నిలువుగా 2, 3 వస్తాయి. ఆక్సిస్ 1 అంటే అడ్డంగా 1.5, 3.5 వస్తాయి. ఆక్సిస్ దగ్గర తడబడని విద్యార్థి మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో దొరకడు. అధ్యాయం చదివినా అర్థం కానిది ఈ నాలుగు అంకెలతో అర్థమైపోతుంది. ఆ కిందే ఒక హెచ్చరిక ఉంటుంది: సింగిల్ ప్రెసిషన్‌లో (దశాంశాలను తక్కువ కచ్చితత్వంతో దాచే పద్ధతి) 1.0, 0.1 నింపిన పెద్ద పట్టికకు సగటు తీస్తే 0.55 రావాల్సిన చోట కాస్త తేడా వస్తుంది, అలాంటప్పుడు ఎక్కువ ప్రెసిషన్ అడగండి అని చేసి చూపిస్తుంది. వాడుకరి ఎక్కడ దెబ్బతింటాడో తెలిసినవాళ్ళు మాత్రమే అలా రాయగలరు.

అన్నిటికంటే ముఖ్యం, ఈ వివరణ కోడ్ ఫైల్ లోపలే ఉంటుంది. పైథాన్ కోడ్ రాసి అక్కడే నడిపి చూసుకునే జూపిటర్‌లో ఫంక్షన్ పేరు పక్కన ప్రశ్నార్థకం పెడితే వచ్చేస్తుంది, నెట్ కూడా అక్కర్లేదు. దాన్ని మనిషి చదివినా, ఎడిటర్ చదివినా, ఏఐ మోడల్ చదివినా నమ్‌పైకి పైసా నష్టం లేదు. అక్కడ ఆదాయం ఏదీ ముడిపెట్టి లేదు కాబట్టి.

అదే వేసవిలో, 2008 ఆగస్టులో, ఆలిఫెంట్ తన పుస్తకాన్ని పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, వదిలేశారు. పెట్టుకున్న గడువుకు రెండేళ్ళ ముందే. నమ్‌పై రిఫరెన్స్ మాన్యువల్ కృతజ్ఞతల్లో ఈ మాట ఉంటుంది: మాన్యువల్‌లో చాలా భాగం ఆ పుస్తకం నుంచి వచ్చింది, చాలా ఫంక్షన్ల వివరణలు ఎందరో వాలంటీర్లు రాసినవి అని. అమ్మకానికి రాసిన పుస్తకం, జీతమిచ్చి నడిపించిన సామూహిక పని, రెండూ ఒకే మాన్యువల్‌లో కలిసిపోయాయి.

ఆ తర్వాత పదేళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రిఫరెన్స్ బలంగానే ఉంది, బొత్తిగా కొత్తగా నేర్చుకునేవాళ్ళకు తేలికైన దారి మాత్రం లేదు. నమ్‌పై అభివృద్ధికి చెప్పుకోదగ్గ గ్రాంట్లు రావడమే 2017 నుంచి. 2019లో ఓపెన్ సోర్స్ డాక్స్ రాయించే గూగుల్ కార్యక్రమం 'సీజన్ ఆఫ్ డాక్స్' కింద పారితోషికం తీసుకుని ఒక టెక్నికల్ రైటర్ పనిచేశారు. బొత్తిగా కొత్తవాళ్ళ కోసం రాసిన పరిచయ పేజీ అలా వచ్చింది. అదే ఏడాది చాన్ జుకర్‌బర్గ్ సంస్థ నమ్‌పైకి, అది లెక్కలకు వాడుకునే ఓపెన్‌బ్లాస్ అనే లైబ్రరీకి కలిపి 1,95,000 డాలర్లు ఇచ్చింది. అందులో డాక్యుమెంటేషన్ పని కూడా ఉంది. 2020 ఫిబ్రవరిలో ప్రాజెక్ట్ డాక్స్‌ని ట్యుటోరియల్, పని చేసే విధానం, రిఫరెన్స్, వివరణ అని నాలుగు రకాలుగా విడదీసి సర్దాలని రాతపూర్వకంగా ప్రతిపాదించింది. ప్రతిసారీ జరిగింది 2008లో జరిగిందే. రాసేవాళ్ళకో, రాయించేవాళ్ళకో నేరుగా డబ్బు అందినప్పుడు డాక్స్ ముందుకు కదిలాయి.

ఈ దారిలోనూ కష్టం ఉంది. గ్రాంట్‌కి గడువు ఉంటుంది, అది ముగిస్తే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. సైన్స్‌లో వాడే లైబ్రరీ కాబట్టి ఫౌండేషన్లు ముందుకొచ్చాయి. వెబ్ పేజీల ముస్తాబుకి వాడే సీఎస్‌ఎస్ ఫ్రేమ్‌వర్క్‌కి ఏ ఫౌండేషన్ గ్రాంట్ ఇస్తుంది? వేథన్‌ది అత్యాశ అని తేల్చేసినవాళ్ళు దీనికి జవాబు చెప్పలేదు. తన సొంత టీంకి ఇన్నేళ్ళుగా తిండి పెట్టిన ఏర్పాటును చేతులారా కూల్చుకోమని ఆయన్ని అడగడం తేలిక. బదులుగా ఏమిస్తామో చెప్పి అడిగితే న్యాయంగా ఉండేది.

జనవరి రచ్చ తర్వాత గూగుల్ ఏఐ స్టూడియో, వెబ్‌సైట్లు నడిపేందుకు సేవలందించే వర్సెల్ వంటివి టెయిల్‌విండ్‌కి స్పాన్సర్లుగా ముందుకొచ్చాయి. డాక్స్ చదివి లాభపడే ఏఐ కంపెనీలే డబ్బు పెట్టడం మంచి పరిణామం. అయితే ఆ డబ్బు కంపెనీ మొత్తానికి వెళ్తుంది. అందులో డాక్స్ రాసే మనిషి జీతానికి ఇంత అని విడిగా కేటాయించి, డాక్స్ పేజీలను అమ్మకాల బరువు నుంచి తప్పిస్తే, ఆ టెక్స్ట్ ఫైల్ అడిగినవాళ్ళకు ఇవ్వడానికి అడ్డేమీ ఉండదు.