డౌన్ సిండ్రోమ్‌కు గ్రీన్ టీ మందు ఎలా అయింది

డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతీయువకుల గ్రహణశక్తి మీద గ్రీన్ టీ సారం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి స్పెయిన్‌లోని బార్సిలోనాలో జరిపిన ప్రయోగం ఫలితాలు 2016లో ‘ద లాన్సెట్ న్యూరాలజీ’ పత్రికలో వెలువడ్డాయి. అందులో వాడింది కొత్తగా తయారుచేసిన మందు కాదు. అది డాక్టర్ చీటీ లేకుండానే దొరికే గ్రీన్ టీ సారం. అందువల్ల కొన్ని పరీక్షల్లో మెరుగుదల కనిపించిందన్న ఫలితం చదివిన తల్లిదండ్రులు మందుకు అనుమతి వచ్చేదాకా ఎదురుచూడాల్సిన పనిలేకపోయింది. ఆ సారం ఉన్న క్యాప్సూళ్లు అప్పటికే అమ్మకంలో ఉన్నాయి. అసలు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో, దీనికి ముందు ఇలాంటివి ఎన్ని వచ్చి పోయాయో తెలిస్తే తప్ప ఆ ఫలితానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చుకోవడం కష్టం.

ఈ స్థితి లక్షణాలను 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వర్ణించాడు. దాని కారణం తెలియడానికి మరో 93 ఏళ్లు పట్టింది. మనిషి కణంలో 21వ క్రోమోజోము రెండు ప్రతులుగా ఉండాల్సి ఉండగా వీరిలో మూడు ఉంటాయని 1959లో పారిస్ పరిశోధకులు ప్రకటించారు. ఆ ఘనత చాలాకాలం జెరోమ్ లెజూన్ ఒక్కడికే దక్కింది. కణాలను పెంచే పద్ధతిని ఆ ప్రయోగశాలకు తెచ్చి, ఆ కణాలను పెంచి చూసింది మాత్రం మార్త్ గోతియే అనే వైద్యురాలు. ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ ఇన్సెర్మ్ నైతిక సంఘం ఆమె పాత్రకు గుర్తింపునిచ్చే మాట చెప్పేసరికి 2014 వచ్చింది.

కారణం తెలియకముందే చికిత్సలు బయలుదేరాయి. అమెరికాలో డెట్రాయిట్ వైద్యుడు హెన్రీ టర్కెల్ 1940ల నుంచి విటమిన్లు, ఖనిజాలు, హార్మోన్లు కలగలిపిన ‘యు సిరీస్’ ఇస్తూ వచ్చాడు. ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతి ఇవ్వలేదు. 1981లో రూత్ హారెల్ బృందం మేధో వైకల్యం ఉన్న 16 మంది పిల్లలకు విటమిన్లు, ఖనిజాలు భారీ మోతాదుల్లో ఇచ్చి ఐక్యూ పెరిగిందని ప్రకటించింది. వారిలో కొందరికి డౌన్ సిండ్రోమ్ ఉంది. తర్వాత వేర్వేరు చోట్ల అదే ప్రయోగం చేసినవారికి ఆ పెరుగుదల కనిపించలేదు. 1990లలో పిరాసెటం అనే మందు వంతు వచ్చింది. టొరంటోలో 18 మంది పిల్లలు పూర్తిచేసిన ప్రయోగం ఫలితాలు 2001లో వచ్చేసరికి గ్రహణశక్తిలో మేలేమీ తేలలేదు, పైపెచ్చు కొందరు పిల్లల్లో చిరాకు, దూకుడు పెరిగాయి. బ్రిటన్‌లో 156 మంది పసికందులకు యాంటీ ఆక్సిడెంట్లు, ఫోలినిక్ ఆమ్లం ఇచ్చి చూసిన అధ్యయనం 2008లో వెలువడింది. దాని ఫలితమూ శూన్యమే. వీటన్నిటిలోనూ ఒక చిన్న ప్రయోగం ఆశ పుట్టించడం, దుకాణం దాన్ని అందుకోవడం, పెద్ద ప్రయోగం వచ్చేసరికి కుటుంబాలు ఏళ్ల తరబడి డబ్బు పోసి ఉండడం జరిగింది. గ్రీన్ టీని ఈ వరుసలో పెట్టి చూడక తప్పదు, అయితే దాన్ని వీటితో పూర్తిగా కలిపేయడం మాత్రం అన్యాయం అవుతుంది.

ఎందుకంటే గ్రీన్ టీ వెనుక ఒక జన్యువు ఉంది. 1990లలో ఈగల మీద పనిచేసే శాస్త్రవేత్తలు మెదడు చిన్నదిగా పుట్టే ఒక రకం ఈగలో చెడిపోయిన జన్యువును గుర్తించి దానికి ‘మినీబ్రెయిన్’ అని పేరుపెట్టారు. మనుషుల్లో దానికి జోడీ అయిన జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉందని 1996లో బార్సిలోనా పరిశోధకులు చెప్పారు. డీవైఆర్‌కె1ఎ అని పిలిచే ఈ జన్యువు ఒక ఎంజైమును తయారుచేయిస్తుంది. మూడు ప్రతులు ఉన్నచోట ఆ ఎంజైము ఎక్కువగా తయారవుతుంది, మెదడు ఎదుగుదల గాడి తప్పడంలో దానికీ ఒక భాగం ఉంది. మిగులుగా ఉన్న పనిని కొంత అణిచిపెడితే ఎలా ఉంటుందన్న ప్రశ్న సహజంగానే వచ్చింది.

జవాబు అనుకోని చోట దొరికింది. స్కాట్లండులోని డండీలో ఒక బృందం రకరకాల రసాయనాలు ఏ ఎంజైముల పని ఆపుతాయో వరుసగా పరీక్షిస్తూ, గ్రీన్ టీలో ఉండే ఎపిగాలోకాటెచిన్ గాలేట్ (పొడి అక్షరాల్లో ఈజీసీజీ) డీవైఆర్‌కె1ఎను బాగా అడ్డుకుంటుందని 2003లో రాసింది. వారు వెతుకుతున్నది డౌన్ సిండ్రోమ్‌కు మందు కాదు. 2009లో పారిస్‌లో జాన్ దెలబార్ బృందం ఆ జన్యువు అధికంగా పనిచేసే ఎలుకలకు గ్రీన్ టీ పాలీఫినాల్స్ (ఈజీసీజీ కూడా చేరే రసాయనాల వర్గం) పెట్టి, మెదడు నిర్మాణంలోనూ జ్ఞాపకశక్తిలోనూ లోపాలు సరిదిద్దుకున్నాయని చూపింది. అక్కడొక వివరం ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఆ ఎలుకలకు సారం అందింది తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా. మనుషుల మీద ప్రయోగం మొదలయ్యేసరికి వారి మెదళ్లు చాలావరకు ఎదిగిపోయి ఉన్నాయి.

బార్సిలోనాలో రఫాయేల్ దె లా తొర్రె, మారా దియర్సెన్ నాయకత్వంలో ముందు 31 మందితో మూడు నెలల చిన్న ప్రయోగం జరిగింది, దాని ఫలితాలు 2014లో వచ్చాయి. తర్వాతిది 16 నుంచి 34 ఏళ్ల మధ్య వయసున్న 84 మందితో ఏడాది పాటు జరిగింది. 43 మందికి రోజూ కిలో శరీర బరువుకు 9 మిల్లీగ్రాముల ఈజీసీజీ, 41 మందికి ఉత్తుత్తి గుళిక ఇచ్చారు. రెండు జట్లకూ మెదడుకు పనిపెట్టే శిక్షణ మాత్రం సమానంగా ఇచ్చారు. ఒక పరీక్షలో తెర మీద నమూనా బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి చూపించి, ఆ వెంటనే రెండేసి బొమ్మలు పెట్టి ఇందాక చూసింది ఏదో వేలితో ముట్టుకోమంటారు. ఇంకొక పరీక్షలో కుక్కల బొమ్మలు, పిల్లుల బొమ్మలు వరుసగా ఉంటాయి. కుక్కను చూసి ‘పిల్లి’ అనాలి, పిల్లిని చూసి ‘కుక్క’ అనాలి. నోటికి వచ్చే మాటను ఆపుకొని వేరే మాట చెప్పగలగడం ఎంత కష్టమో ఆడుకుంటూ ప్రయత్నించిన వారికి తెలుస్తుంది. ఏడాది చివర గ్రీన్ టీ జట్టు ఈ రెండింటిలోనూ, రోజువారీ చదువు లెక్కల నైపుణ్యాలకు సంబంధించిన ఒక కొలతలోనూ ముందుంది.

అయితే అదే పత్రంలో మరో లెక్క కూడా ఉంది. గ్రహణశక్తి పరీక్షలు 15 పెడితే 13లో, నిత్యజీవిత నైపుణ్యాల కొలతలు 9 ఉంటే 8లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మొత్తం 24 కొలతల్లో తేడా కనిపించింది మూడింటిలోనే. ఇన్ని కొలతలు తీసుకున్నప్పుడు ఏ మందూ పనిచేయకపోయినా ఒకటి రెండింట్లో యాదృచ్ఛికంగా తేడా రావచ్చునని గణాంకాలు తెలిసినవారు చెబుతారు. పరిశోధకులు ఈ సంగతి దాచలేదు. ఇది రెండో దశ ప్రయోగమని, ఇంకా ఎక్కువమందితో మూడో దశ జరగాలని వారే రాశారు. శీర్షికల్లోకి వెళ్లేటప్పుడు ఆ మాట రాలిపోయింది.

రాలిపోయిన మాట ఇంకొకటి శిక్షణ. ఉత్తుత్తి గుళిక వేసుకున్న 41 మందీ ఏడాది పాటు ఆ శిక్షణ పొందారు. శిక్షణ లేకుండా గ్రీన్ టీ ఒక్కటే ఏంచేస్తుందో ఆ ప్రయోగం అడగనే లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ దశాబ్దాలుగా చేస్తూ వచ్చిన ప్రత్యేక విద్య పని శిక్షణ అనే ఈ రెండో సగం కిందికే వస్తుంది. అది సీసాలో దొరకదు గనుక దాని గురించి ఎవరూ ప్రకటన వేయరు.

ఆ తర్వాత ఎలుకల నుంచి వచ్చిన వార్తలు కలిసిరాలేదు. డౌన్ సిండ్రోమ్ పరిశోధనలో ఎక్కువగా వాడే ఒక రకం ఎలుకలకు శుద్ధమైన ఈజీసీజీ ఇస్తే ప్రవర్తనలో మెరుగుదల లేకపోగా ఎముకలకు చేటు జరిగిందని అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో రాండల్ రోపర్ ప్రయోగశాల 2017లో ప్రకటించింది. 2021లో వచ్చిన మరో అధ్యయనంలో పుట్టకముందు నుంచి తక్కువ మోతాదు పొందిన ఎలుకల్లో ముఖ నిర్మాణం కొంత మెరుగుపడితే, ఎక్కువ మోతాదు పొందిన వాటిలో చెడింది. ఇందులో ఆశ్చర్యపోవాల్సింది తక్కువ. డీవైఆర్‌కె1ఎ మిగులు ఎంత హానికరమో దాని కొరత కూడా అంతే. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడిపోయి పుట్టిన పిల్లల్లో తల చిన్నదిగా ఉండడం, తీవ్రమైన మేధో వైకల్యం కనిపిస్తాయి. అంటే అణచాల్సింది కొలిచినట్టు కొంతే, అంతకు మించితే నష్టం. ఇంట్లో క్యాప్సూల్ వేసేవారి దగ్గర ఆ కొలతకు సాధనం ఏమీ లేదు.

కప్పుకూ క్యాప్సూల్‌కూ ఉన్న తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో వేసిన అంచనా ప్రకారం గ్రీన్ టీ తాగేవారికి రోజుకు సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాముల ఈజీసీజీ అందుతుంది. అలా తాగడంలో భయపడాల్సిందేమీ ఆ సంస్థకు కనిపించలేదు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్నవారి రక్తంలో మాత్రం కాలేయం దెబ్బతింటున్నదని సూచించే ఎంజైములు పెరిగాయి. ఖాళీ కడుపుతో మింగితే రక్తంలోకి మరీ ఎక్కువగా చేరుతుంది. బార్సిలోనా మోతాదు చొప్పున 60 కిలోల మనిషికి 540 మిల్లీగ్రాములు అవుతుంది, 90 కిలోల మనిషికి 810 అవుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఊబకాయం తరచుగా కనిపిస్తుంది గనుక ఈ రెండో అంకె ఊహకు మాత్రమే పరిమితమైనది కాదు.

పిల్లల మీద జాగ్రత్తగా జరిపిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. 6 నుంచి 12 ఏళ్ల వయసున్న 73 మంది పిల్లలు ఆరు నెలలు వైద్యుల పర్యవేక్షణలో ఈజీసీజీ గానీ ఉత్తుత్తి మందు గానీ తీసుకున్నారు. ప్రధానంగా భద్రత తేల్చడానికి పెట్టిన ఆ ప్రయోగంలో పిల్లలకు హాని జరగలేదు, అయితే వారి గ్రహణశక్తి స్పష్టంగా మెరుగుపడిందని చెప్పగల ఫలితమూ రాలేదు. అదే ఏడాది నవంబరు 30న ఐరోపా కమిషన్ గ్రీన్ టీ సారం ఉన్న ఆహార పదార్థాలకు కొత్త నిబంధన తెచ్చింది. రోజు మోతాదులో ఈజీసీజీ 800 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, ఖాళీ కడుపుతో తీసుకోకూడదని, అదే రోజు గ్రీన్ టీ ఉన్న వేరే పదార్థాలు వాడకూడదని, 18 ఏళ్ల లోపు వారికి ఇవ్వకూడదని లేబుల్ మీద రాయాలి.