పార్క్ గ్వెల్: అపోహలు – వాస్తవాలు

బార్సిలోనాకు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. పార్క్ గ్వెల్ అనగానే ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు ఈ మాటలే అంటారు.

అపోహ: పిల్లల ఆటపాటల కోసం కట్టిన పార్కు.

అసలిది పార్కే కాదు, ఇళ్ల స్థలాల వెంచర్! పారిశ్రామికవేత్త ఎవుసెబీ గ్వెల్ కోసం 1900లో ఆర్కిటెక్ట్ ఆంటొనీ గౌడీ పని మొదలుపెట్టారు. 60 ప్లాట్లు అనుకుంటే లేచినవి రెండిళ్లే. 1914లో పని ఆగిపోయింది. గ్వెల్ మరణించాక నగరపాలక సంస్థ ఆ స్థలం కొని, 1926లో పార్కుగా తెరిచింది.

అపోహ: అక్కడి కట్టడాల్లో ఆ వంకరలన్నీ ఊరికే వింత కోసం.

నేను ఎక్కువసేపు మాట్లాడేది దీని గురించే. పైన విశాలమైన మైదానం, దాని కింద 86 స్తంభాల మంటపం. కాలనీవాళ్లకు సంత జరగాలని ఆ మంటపం కట్టారు. మైదానంలో పడ్డ వాన నీరు నేలలో ఇంకి, స్తంభాల లోపలి నుంచి కిందికి దిగి, 1,200 ఘనపు మీటర్ల తొట్టిలో చేరుతుంది. అందరూ ఫొటో దిగే ఆ రంగుల బల్లి బొమ్మ నోరు, తొట్టి నిండితే నీళ్లు బయటికి పోయే దారి. మైదానం అంచున మెలికలు తిరిగిన బెంచీయే పిట్టగోడ కూడా. పగిలిన పెంకులతో దానికి అంత అందం తెచ్చింది ఎక్కువగా గౌడీ సహచరుడు జుజోల్. ఆయన పేరు తప్పకుండా చెబుతాను. ఆ మెలికల్లో కూర్చుంటే గ్రూపులో వాళ్లు ఒకరికొకరు ఎదురుపడి కబుర్లలో పడతారు, చూడండి.

అపోహ: పార్కేగా, టికెట్ ఉండదు.

బల్లి, మంటపం, బెంచీ ఉన్న భాగానికి 2013 అక్టోబర్ నుంచి టికెట్ ఉంది. లోపలికి వెళ్లే సమయం దాని మీదే ఉంటుంది. ఒక్కరు ఆలస్యమైతే గ్రూపు మొత్తానికీ టెన్షన్. పార్కులోనే గౌడీ ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, దానికి టికెట్ వేరు. ఆయన 1906 నుంచి దాదాపు 20 ఏళ్లు ఉన్న ఆ ఇంటికి ప్లాన్ గీసింది ఆయన కాదు, ఆయన సహాయకుడు బెరెంగెర్.

అపోహ: అరగంట చాలు.

చాలదు. కొండను చదును చేయకుండా, అక్కడి రాళ్లతోనే వంతెనల్లాంటి దారులు కట్టారు. వాటి కింద ఏటవాలు స్తంభాల మధ్య చల్లగా ఉంటుంది. బండ్లు వెళ్లేందుకు వేసిన దారులు కాబట్టి వాలు మెల్లగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నేను మెట్ల మీదుగా కాకుండా అటే నడిపిస్తాను.