బోరబండలో ఆ ఢాం ఢాం ఏంటి? భూకంపాల గుంపుపై అపోహలు - వాస్తవాలు

2020 అక్టోబరులో హైదరాబాద్ బోరబండలో భూమిలోంచి శబ్దాలొచ్చి జనం రాత్రిపూట వీధుల్లోకి పరుగెత్తారు. భూకంపాలను పరిశీలించే మా పనిలో దీన్ని స్వార్మ్, అంటే కంపాల గుంపు అంటాం. ఒక పెద్ద కంపం, దాని వెనక తగ్గుతూ వచ్చే చిన్నవి అనే వరస ఇందులో ఉండదు. ఇంచుమించు ఒకే స్థాయివి రోజులు, నెలల తరబడి గుంపుగా వస్తాయి.

అపోహ: మనది గట్టి దక్కన్ రాయి, భూకంపాలు రావు.
వాస్తవం: మన దేశాన్ని మోసే భారత భూపలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు, పలక నడిమికీ వస్తుంది. రాయి గట్టిదే, కానీ దాని నిండా పాత పగుళ్లే. 1969 భద్రాచలం (తీవ్రత 5.7), 1993 మహారాష్ట్రలోని కిల్లారి (6.2) భూకంపాలను అప్పుడే మరిచిపోయామా?

అపోహ: ఎక్కడో బండలు పేలుస్తున్నారు.
వాస్తవం: పేలుడు అన్ని వైపులకూ తోస్తుంది, కాబట్టి కంపాలను నమోదు చేసే ప్రతి స్టేషన్‌లోనూ గీత మొదట పైకే లేస్తుంది. భూకంపమైతే కొన్నిచోట్ల పైకి, కొన్నిచోట్ల కిందికి. వేగంగా వచ్చే మొదటి అల తర్వాత అర సెకనుకే, నెమ్మదిగా వచ్చే రెండో అల కూడా వచ్చిందంటే, కంపం నాలుగు కిలోమీటర్ల దూరంలోనే పుట్టిందని లెక్క. అంత దగ్గర కాబట్టే, తీవ్రత 2 లేకపోయినా చెవిన పడుతుంది.

అపోహ: నీరు నూనెలా పనిచేసి రాళ్లను జారుస్తుంది.
వాస్తవం: నీటిని అనుమానించడం సబబే, నూనె పోలికే తప్పు. వాననీరు పగుళ్ల వెంట దిగితే లోపలి నీటి పీడనం పెరిగి, ఒకదాన్నొకటి నొక్కి పట్టుకున్న రాతి ముఖాల పట్టు సడలుతుంది. కదిలించే బలం మాత్రం అప్పటికే రాతిలో పేరుకున్నది. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల దగ్గర 4.6 తీవ్రతతో కంపం వచ్చింది. పక్కనే జలాశయం ఉంది కదా అని నేరం దానిమీద వేసేయకూడదు. నీటిమట్టాన్నీ కంపాల లెక్కనూ నెలల తరబడి పక్కపక్కన పెట్టి చూడాలి.

అగ్నిపర్వతం పుడుతోందా అనీ అడుగుతారు. లేదు.

అపోహ: చిన్నవి వస్తే ఒత్తిడి తీరిపోతుంది, పెద్దది రాదు.
వాస్తవం: తీవ్రత 1 పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు. ఒక్క 6కి సరిపడా శక్తి పోవాలంటే 1 స్థాయివి మూడు కోట్లు రావాలి! అలాగని గుంపు వస్తే పెద్దది తప్పదనీ కాదు. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2018 నవంబరులో మొదలైనది వేల కంపాలతో ఏళ్లు సాగింది, పెద్దవన్నీ 4 చుట్టుపక్కలే.

“ఈ రాత్రి ఇంట్లో పడుకోవచ్చా సారూ?” అని అడిగేవాళ్లకు కంపం సంగతి చెప్పలేను, గోడ సంగతి చెప్తాను. మట్టితో పేర్చిన రాతి గోడైతే మంచం దాని పక్కన వేయకండి. కిల్లారిలో అలాంటి గోడలే మీద పడ్డాయి.