“ఇంటి దగ్గరే చదువు చెప్పుకోండి”: ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

జూన్‌ వచ్చిందంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్‌ గ్రూపులు వేడెక్కుతాయి. ప్రతి ఏడాదీ దాదాపు ఒకటే కథ. ఐదారేళ్ల బాబు. మాటలు ఇంకా ముక్కముక్కలుగానే వస్తున్నాయి. ప్రేయర్‌లో మైకు మోగితే చెవులు మూసుకుని గేటు వైపు పరుగెడతాడు. చొక్కా లేబులు మెడకు గుచ్చుకుంటే చాలు, ఆ పూటంతా ఏడుపే. యూకేజీ దాకా ఎలాగో నెట్టుకొచ్చిన స్కూలు ఒకటో తరగతి దగ్గర చేతులెత్తేస్తుంది. “బాబుకు ఇక్కడ ఇబ్బందవుతుందండీ. కొన్నాళ్లు థెరపీ చేయించి, ఇంటి దగ్గరే చదువు చెప్పుకోండి. చట్టంలో కూడా ఉంది కదా” అంటారు.

ఇదే గ్రూపుల్లో ఇంకో రకం తల్లిదండ్రులూ ఉంటారు. వాళ్లను ఎవరూ వెళ్లగొట్టలేదు. ఏడాదో రెండేళ్లో చూసి, బిడ్డ బడిలో నేర్చుకునేదానికన్నా తట్టుకోవాల్సిందే ఎక్కువగా ఉందని లెక్కేసుకుని, తామే ఇంటికి తెచ్చుకున్నారు. వీళ్లకు ఎదురయ్యే ప్రశ్న వేరు. “బడిలో ఎందుకు వేయలేదు? చట్టం ఒప్పుకోదు తెలుసా?”

ఒకరికి చట్టంలో ఉందని చెప్పి పంపేస్తారు, మరొకరిని చట్టంలో లేదని నిలదీస్తారు. ఇద్దరికీ చూపించేది ఒకే చట్టం, విద్యా హక్కు చట్టం. ఈ తిరకాసు ఎలా వచ్చిందో చెప్పడానికి ప్రత్యేక పాఠశాలల కాలం నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆ చరిత్ర చాలాసార్లు చెప్పుకున్నదే. 2012 దగ్గర ఆగితే చాలు.

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమలైంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య అన్న ఆ చట్టం, వెనకబడిన వర్గాల పిల్లలెవరో చెప్పే నిర్వచనంలో వైకల్యమున్న పిల్లల పేరెత్తలేదు. ఆ తప్పు దిద్దడానికి సవరణ బిల్లు 2010లోనే పార్లమెంటుకు వచ్చినా, గట్టెక్కడానికి రెండేళ్లు పట్టింది. కపిల్‌ సిబల్‌ మానవ వనరుల మంత్రిగా ఉండగా 2012 ఏప్రిల్‌లో రాజ్యసభ, మేలో లోక్‌సభ దాన్ని ఆమోదించాయి. ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆటిజం ఉన్న పిల్లలు కూడా ఆ సవరణతోనే ఈ చట్టం నీడలోకి వచ్చారు. అంతవరకూ మంచిదే.

దాంతోపాటే మూడో సెక్షన్‌ చివర ఒక వాక్యం చేరింది. బహుళ వైకల్యం గానీ తీవ్ర వైకల్యం గానీ ఉన్న పిల్లలకు, ఇంటి వద్ద విద్యను ఎంచుకునే హక్కు కూడా ఉండవచ్చు అని దాని సారాంశం. ఈ వాక్యంలో రెండు మాటలు పట్టుకోండి. ఒకటి ‘ఎంచుకునే’. ఎంచుకునేది బిడ్డ, బిడ్డ తరఫున ఇల్లు. ఆ వాక్యంలో స్కూలు ప్రస్తావనే లేదు. రెండోది ‘కూడా’. అంటే బడి హక్కు అలాగే ఉండగా, దాని పక్కన ఇంకొకటి. బడికి బదులుగా ఇచ్చింది కాదు. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు ఆ రోజుల్లోనే భయపడ్డారు, ఇది రేపు బడి గేటు మూసుకోవడానికి గొళ్లెం అవుతుందని. పైన చెప్పిన జూన్‌ సంభాషణ చూస్తే వాళ్ల భయం ఉత్తదని అనలేం.

గేటు దగ్గర ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ వాక్యం మన కథలోని బాబుకు వర్తించడమే కష్టం. ‘తీవ్ర’, ‘బహుళ’ అన్న మాటల అర్థం కోసం 2012 సవరణ 1999 నాటి నేషనల్‌ ట్రస్ట్‌ చట్టం వైపు వేలు చూపిస్తుంది. అక్కడికి వెళ్తే తీవ్ర వైకల్యమంటే 80 శాతం, ఆ పైన అని ఉంటుంది. బహుళ వైకల్యమంటే ఏమిటని అడిగితే అది మళ్లీ 1995 నాటి వికలాంగుల చట్టం దగ్గరికి పంపుతుంది. ఆ జాబితాలో ఉన్నవి ఏడే: అంధత్వం, చూపు మందగించడం, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, కాళ్లూ చేతుల కదలికల వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. ఆటిజం లేదు. మాటల వైకల్యం లేదు. చెవికీ చర్మానికీ తగిలే ప్రతిదీ పిడుగులా అనిపించే పిల్లల సంగతి అసలే లేదు. 2012లో ఇచ్చిన హక్కు తాళంచెవి 1995 పెట్టెలో ఉండిపోయిందన్నమాట.

1995 చట్టం పోయి 2016 చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్‌ 19 నుంచి అమలవుతోంది, ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి, ఇంకేం అంటారు. నిజమే, కొత్త జాబితాలో ఆటిజం ఉంది, ‘మాట, భాష వైకల్యం’ కూడా ఉంది. కానీ ఆ రెండోదాని నిర్వచనం చదివితే అది స్వరపేటిక తీసేసినవాళ్లకూ, మెదడు దెబ్బతిని మాట పోయినవాళ్లకూ సరిపోయేలా రాశారు. ‘శాశ్వత’ అన్న మాట అందులో ఉంది. నాలుగేళ్లకు మాటలు రాని బిడ్డది శాశ్వతమో కాదో ఏ డాక్టరు రాసిస్తాడు? సెన్సరీ ఇబ్బంది, అంటే చప్పుళ్లనూ స్పర్శనూ తట్టుకోలేకపోవడం, ఒక్కటే ఉంటే ఇరవై ఒకటిలోనూ చోటు లేదు. పాత నిర్వచనాన్ని కొత్త జాబితాతో కలిపి చదువుకోవాలన్న వాదన ఉంది. మండల విద్యాధికారి ఆఫీసులో ఆ వాదన వినే తీరిక ఎవరికుంటుంది?

ఇక్కడ సికింద్రాబాద్‌కు సంబంధించిన ఒక ముచ్చట. దేశంలో ఆటిజాన్ని కొలిచే భారతీయ స్కేలు, ‘ఇసా’ అని థెరపీ సెంటర్లలో అందరూ పిలిచేది, బోయినపల్లి మనోవికాస్‌ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైంది. నలభై ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, మొత్తం 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం. ఆ నలభైని ఆరు భాగాలు చేశారు. వాటిలో మాట, భాష ఒక భాగం, ఇంద్రియాల స్పందన ఇంకో భాగం. అంటే బిడ్డ మిక్సీ చప్పుడుకు బెదరడం కూడా లెక్కలోకి రావాల్సిందేనని మన ఊళ్లోనే గుర్తించారు. 2016 ఏప్రిల్‌లో కేంద్రం సర్టిఫికెట్ల కోసం ఈ స్కేలునే ఖరారు చేసింది. జిల్లాల నుంచి బస్సెక్కి ఆ గేటు ముందు క్యూలో నిలబడిన తల్లిదండ్రులను అడిగితే, తర్వాతి మలుపు వాళ్లే చెబుతారు. స్కోరు ఒకటి, సదరం సర్టిఫికెట్‌ మీద పడే శాతం ఒకటి, ఆ శాతం చూసి స్కూలు చెప్పేది మరొకటి. శాతం తక్కువుంటే “మామూలు పిల్లాడే కదా, అల్లరి తగ్గించండి”. ఎక్కువుంటే “ఇంటి దగ్గరే చెప్పుకోండి”.

మళ్లీ 2012కే వెళ్దాం, ఎందుకంటే రెండో గొడవ కూడా సరిగ్గా అప్పుడే మొదలైంది. ఆగస్టు 1కి కొద్ది వారాల ముందు, జూలైలో, ఢిల్లీ హైకోర్టులో హోమ్‌స్కూలింగ్‌ మీద నడుస్తున్న ఒక కేసులో కేంద్రం అఫిడవిట్‌ వేసింది. తమంతట తాము ఇంటి చదువును ఎంచుకున్న తల్లిదండ్రులు దాన్ని కొనసాగించుకోవచ్చు, విద్యా హక్కు చట్టం అడ్డురాదు అని అందులో ఉంది. హోమ్‌స్కూలింగ్‌ చేసేవాళ్లు ఇప్పటికీ ఫోన్లో దాచుకుని చూపించేది ఆ కాగితాన్నే. అయితే ఆ మాట చట్టంలోకి గానీ నియమాల్లోకి గానీ ఎక్కలేదు. పదో సెక్షన్‌ మాత్రం అలాగే ఉంది: బిడ్డను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత. చేర్పించకపోతే శిక్ష ఏమిటో ఆ సెక్షన్‌ చెప్పదు.

ఇలా ఒకే ఏడాదిలో రెండు దారులు పడ్డాయి. వైకల్యం తీవ్రమైతే ఇంటి చదువు హక్కు, దాంతోపాటు సర్కారు టీచరు ఇంటికి రావాలి. వైకల్యం లేకపోతే ఇంటి చదువు సొంత ఇష్టం, సర్కారు పట్టించుకోదు. మధ్యలో ఉన్న బిడ్డ గురించి ఎవరూ ఏమీ రాయలేదు. మాట ఆలస్యం, సెన్సరీ ఇబ్బంది, చురుకైన బుర్ర, చేతిలో 40 శాతం కాగితమో అదీ లేకుండానో ఉన్న బిడ్డ. ఇప్పటి గొడవలన్నీ ఆ నడిమి ఖాళీలోవే అని నాకనిపిస్తుంది.

స్కూళ్ల వాదన కూడా చెప్పాలి. నలభై మంది ఉన్న గదిలో ఒక్క టీచరు, శిక్షణ లేదు, మిగతా తల్లిదండ్రుల ఫిర్యాదులు, ఏదైనా దెబ్బ తగిలితే బాధ్యత. క్లాసులో బిడ్డ పక్కనే ఉండి చూసుకునే షాడో టీచరును మీరే పెట్టుకుంటే చూద్దామంటారు, ఆ జీతం కన్నవాళ్లే కట్టుకోవాలి. అయితే ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, ముగిసేదాకా ఏ పిల్లవాణ్నీ తీసేయకూడదని చెప్పే పదహారో సెక్షన్‌ కూడా ఈ చట్టంలోదే. ఈ వాదన వినిపించేటప్పుడు దాని ఊసెత్తరు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో సర్కారు నడిపే భవిత కేంద్రాల్లో పనిచేసే ప్రత్యేక టీచర్ల (ఐఈఆర్పీల) మాట వేరుగా ఉంటుంది. మండలానికంతా ఒకరో ఇద్దరో. కేంద్రానికి వచ్చే పిల్లలు, బడుల్లో ఉన్న పిల్లలు, మంచం దిగలేని పిల్లల కోసం వారంలో ఒక రోజు ఇళ్ల చుట్టూ తిరుగుడు. అదీ కాంట్రాక్టు ఉద్యోగంతో. ఇంటి వద్ద విద్య కాగితం మీద ఎలా ఉన్నా, నేల మీద మోస్తున్నది వీళ్లే. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రైమరీలో పది మంది ప్రత్యేక పిల్లలకు ఒక స్పెషల్‌ ఎడ్యుకేటర్‌, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని లెక్క చెప్పింది. పోస్టులే మంజూరు చేయని రాష్ట్రాలను 2025 మార్చిలో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఆ లెక్క ప్రకారం టీచర్లుంటే ఇంటికి తెచ్చుకున్న పిల్లల్లో కొందరైనా బడిలోనే ఉండేవాళ్లు.

కానీ అందరూ గతిలేకే ఇంటికి తెచ్చుకున్నారనుకుంటే ఆ తల్లులు ఒప్పుకోరు. ఇంట్లో పొద్దున్నే చేసే పని ఎలా ఉంటుందో వాళ్లు చెబుతుంటే వినాలి. ముందు ఊయల, లేదా బియ్యం డబ్బాలో చేతులు పెట్టి దాచిన గోళీలు వెతకడం. ఒళ్లు కుదుటపడ్డాకే బల్ల దగ్గరికి. అక్షరాల కన్నా ముందు అడగడం నేర్పాలి. బిస్కట్‌ డబ్బా అందనంత ఎత్తులో పెట్టి, “ఇవ్వు” అనేదాకా ఆగడం. నోట రాకపోతే బొమ్మ కార్డు అందిస్తే చాలు, అదీ మాటే. దోసె పిండి కలుపుతూ ‘ఇంకా’, ‘చాలు’, ‘వేడి’. థెరపీ సెంటర్‌లో నలభై నిమిషాలకు ఒకసారి దొరికే మాట ఇంట్లో రోజుకు ముప్పైసార్లు దొరుకుతుందని వాళ్ల లెక్క.

భాష దగ్గర ఇంకో చిక్కు. స్కూలు ఇంగ్లిష్‌, థెరపీ కూడా చాలాచోట్ల ఇంగ్లిష్‌లోనే. ఇంట్లో తెలుగు ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదని స్పీచ్‌ థెరపీ రంగం ఎప్పుడో తేల్చింది. అయినా నాయనమ్మతో మాట్లాడలేని, ‘వాటర్‌’ మాత్రమే అనగల పిల్లలు మన ఇళ్లలో తయారయ్యారు. ఇంటి చదువుకు మారిన తర్వాత తెలుగులోకి తిరిగొచ్చామని కొందరు చెబుతారు. బడి వదిలినందుకు వాళ్లు చెప్పుకునే మొదటి లాభం అదే.

నష్టాలూ దాచరు. ఒకరి ఉద్యోగం పోతుంది, ఎక్కువగా తల్లిదే. తోటి పిల్లలు ఉండరు. ఎప్పుడైనా తిరిగి బడికి వెళ్లాలంటే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్‌ చెబుతుంది, గేటు దగ్గర మాత్రం టీసీ అడుగుతారు. పద్నాలుగేళ్లు నిండితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ గానీ మన రెండు రాష్ట్రాల ఓపెన్‌ స్కూల్‌ సొసైటీలు గానీ పదో తరగతి రాయనిస్తాయి. ఆరుకీ పద్నాలుగుకీ మధ్య ఎనిమిదేళ్లు.

జాతీయ విద్యా విధానం 2020లో ఈ ఖాళీ వైపు ఒక చూపు పడింది. ఇంటి వద్ద విద్య ఎంత బాగా నడుస్తోందో ఆడిట్‌ చేయాలి, దాన్నిబట్టి మార్గదర్శకాలు, ప్రమాణాలు రాయాలి అని అందులో ఉంది. అక్కడా ‘తీవ్ర’, ‘అతి తీవ్ర’ వైకల్యం ఉన్న పిల్లలనే అన్నారు. మన బాబు మళ్లీ బయటే.

ఈలోగా బడి మానిన పిల్లల పేర్లు, దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్‌ ప్లస్‌ పోర్టల్‌లో డ్రాప్‌బాక్స్‌ అనే చోట పడతాయి. వేరే స్కూలు తన జాబితాలోకి లాక్కునేదాకా అక్కడే ఉంటాయి. ఏడాదికోసారి ఆ జాబితా పట్టుకుని విద్యాశాఖ తరఫున క్లస్టర్‌ బడుల పని చూసే సీఆర్పీ ఇంటికి వస్తారు. “ఏ బడిలో వేశారమ్మా?” అని అడుగుతారు. బాబు లోపల, బియ్యం డబ్బా ముందు ఉంటాడు.